బఠాణీ గింజంత

విజయనగరం కాంప్లెక్సులో
నాలుగూ నలభైకి తీసే పాలకొండ పల్లెవెలుగు.
అప్పలసూరి స్టీరింగు ముందు కూచుని వెనకద్దం సర్దుకుంటాడు.
అతను టీకి దిగినప్పుడు అదే అద్దంలో
గడ్డం కింద రాత్రి మొలిచినదాన్ని చూసుకుంటాను.

ముప్పై ఏడేళ్ళు నాకు.
పదహారులో ఒక్కటీ రాలేదు,
నున్నటి చెంపలని మేనత్త ఉప్పు తిప్పి పోసేది.
ఇప్పుడొస్తున్నాయి
డీఏ బకాయిల్లా, అన్నీ ఒక్కసారే.

ఆడవాళ్ళకి జీరో టికెట్టు వచ్చాక
సలహాలు కూడా ఆ టికెట్టు మీదే ఎక్కుతున్నాయి.
నెల్లిమర్ల చేరకముందే మూడు.
"జాజికాయ పాలతో అరగదియ్యమ్మా."
"వేపాకు నూరి పట్టించు."
"పళ్ళు తోమకముందు ఉమ్మి రాయి, మా కోడలికి పోనాయి."
మిల్లు దగ్గర దిగే ముసలామె
నా చెంప దాకా వేలు తెచ్చి
"ఇంత వొయసొచ్చినాక మొటికలేటే గుంటా,
ఒంట్లో వేడి కాదేటి" అంది.

వేడే.
ఇంజను మూత వేడి,
వందా డెబ్భై మంది మధ్య ఊపిరి వేడి,
ఐదొందల నోటిచ్చి కిటికీలోకి చూసేవాడి మీద వేడి.
అన్నిటికీ మొహమ్మీదేనా రసీదు?

రాజాంలో మందులకొట్టు కుర్రాడు
అడక్కుండానే ఒక ట్యూబు కాయితంలో చుట్టిచ్చాడు.
వారం రోజులు నాది పెళ్ళికూతురి మొహం.
డిపోలో అందరూ ట్యూబు పేరడిగారు.
చెప్పాను కూడా.
నెల తిరిగేసరికి చర్మం ఉల్లిపొర,
ఎండ తగిలితే కారం చల్లినట్టు.
రాస్తే మంట, మానేస్తే రెట్టింపు.
మాస్కు కట్టుకుని టికెట్లు కొట్టాను,
కరోనా ఎప్పుడో పోయినా.

పెద్దాసుపత్రి ఓపీలో డాక్టరమ్మ
నా మొహం కంటే ముందు ట్యూబు చూసింది.
మూత తిప్పి, అడుగున చీమల్లాంటి అక్షరాలు చదివి
"ఇందులో స్టెరాయిడుంది" అంది,
చెకింగు స్క్వాడు టికెట్టు లేనివాణ్ణి పట్టుకున్నట్టు.
నన్ను మాత్రం తిట్టలేదు.
నెలసరి తేదీలడిగింది, తలనూనె అడిగింది,
నైటు డ్యూటీలెన్నని, పైపెదవి మీద వెంట్రుకలు పెరుగుతున్నాయా అని.
డ్యూటీ చార్టు వెనక లెక్క రాస్తే
ప్రతి నెలా, తేదీకి వారం ముందు, గడ్డం కిందే.
నా ఒంటి టైంటేబులు
పన్నెండేళ్ళ సర్వీసులో నేనే చదువుకోలేదు.

"రుద్ది రుద్ది కడక్కండి, ఇది మురికి కాదు.
నూనె తిత్తులు హార్మోన్ల మాట కాస్త ఎక్కువ వింటాయి, అంతే.
రాత్రి బఠాణీ గింజంత జెల్లు, మొహం మొత్తానికి.
పొద్దున ఎండకి అడ్డం ఇంకోటి.
మొదట్లో ముదిరినట్టుంటుంది, భయపడి మానెయ్యకండి.
బిడ్డ కావాలనుకుంటే ముందే నాకు చెప్పండి.
పన్నెండు వారాలు చూద్దాం."

పన్నెండు వారాలు!
మా బస్సు కూడా ఇంత లేటు కాదు మేడమ్.

బయటికొచ్చి ముందు సుభాషిణికి ఫోను చేశాను.
"ఆ ట్యూబు ఆపి, డాక్టరుకి చూపించు" అన్నాను.
అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు.
"ఇప్పుడా చెప్తావు" అంది.

చీపురుపల్లిలో బఠాణీల సన్యాసి ఎక్కుతాడు.
ఒక్క గింజ అడిగి తీసుకుని
అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాను.
"పుచ్చుల్లేవండమ్మా" అన్నాడు నొచ్చుకుని.

ఇవాళ్టికి ఏడో వారం.
మూడోవారంలో ఏడ్చాను, ఐదులో అద్దం మానేశాను.
కుడిచెంప చదును పడుతోంది, ఎడమది మొండి.
పాత మచ్చలు గోధుమరంగులో
రద్దయిన స్టాపుల్లా ఉన్నాయి, బస్సాగదు, బోర్డు తియ్యరు.
పదమూడేళ్ళ మా అమ్మాయి నుదుట మొదటిది పొడిచింది.
"నీ జెల్లు కొంచెం" అంటే
చెయ్యి మీద ఒక్కటేసి, తర్వాత ముద్దుపెట్టాను.

నిన్న గరివిడిలో ఎక్కింది ఒక పిల్ల,
ముక్కు దాకా చున్నీ, చివరి సీటు, కిటికీ వైపు తల.
ఆధారు కార్డు తీసేటప్పుడు చున్నీ జారింది.
ఆ ఎరుపు నాకు తెలుసు.
జాజికాయనీ వేపాకునీ మింగేసి
జీరో టికెట్టు చింపి చేతిలో పెట్టి
బస్సు మోతలో ఇంకెవరికీ వినపడకుండా వంగి
అడిగాను,

"ట్యూబు పేరేటమ్మా?"